బస్సు రాకముందే ఇంటిల్లిపాదికీ కడుపునిండా

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. నల్లగొండలో ఒక ఆఫీసులో పని చేస్తున్న. పొద్దున ఏడున్నర బస్సు తప్పితే మళ్లీ గంటసేపు బస్సు లేదు. పిల్లల స్కూలు బస్సు ఏడుంబావుకే వస్తది. కొడుకు ఏడో తరగతి, బిడ్డ మూడో తరగతి. ఇద్దరూ చాయ్‌లో బిస్కెట్లు ముంచుకొని తిని పోతున్నరు. లేటైతే అది కూడా లేదు. మా ఆయన రైస్ మిల్లులో పని చేస్తడు, దారిలో బండి దగ్గర బోండాలు తింటడు. అత్తమ్మకు షుగర్ ఉంది, గోలీ వేసుకొని తొమ్మిదింటిదాకా ఏమీ తినదు. నేను చాయ్ తాగి, మధ్యాహ్నానికి అన్నం డబ్బా కట్టుకొని పోత. పదకొండింటికి తల తిరుగుతది, చేతులు వణుకుతయి. ఆరోగ్యానికి మంచిదని ఓట్స్ ప్యాకెట్ తెస్తే ఎవరూ ముట్టలే. అత్తమ్మ సద్దన్నం పెట్టమంటది. పిల్లలకు అది మంచిదేనా? నాకు పొద్దున దొరికేది ముప్పావుగంట, అందులోనే మధ్యాహ్నం వంట కూడా కావాలి. ఏం చెయ్యాలో చెప్పు.

జవాబు: చెల్లెమ్మా, పదకొండింటికి చేతులు వణుకుతున్నాయని రాశావు చూడు, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇంట్లో నలుగురి గురించీ వివరంగా రాసి, నీ సంగతి ఒక్క ముక్కలో దాటేశావు. తెల్లారకముందే లేచి ఇంత పని చేసి, ఒక్క చాయ్ మీద అంతసేపు ఉంటే ఏ ఒళ్లయినా వణుకుతుంది. కాబట్టి కింద చెప్పేవన్నీ ఐదుగురికి సరిపడా చేసుకోవాలి. నలుగురికి వండి, మిగిలితే తిందామనుకుంటే నీకు ఎప్పటికీ మిగలదు.

ముప్పావుగంట మరీ తక్కువేమీ కాదు. అందులో నిజంగా పొయ్యి దగ్గర గడిచేది ఎంతో రేపు ఒకసారి గమనించు. ఉల్లిగడ్డలు తరగడం, పల్లీలు గోలించి పొట్టు తీయడం, చింతపండు నానేదాకా ఆగడం, రాత్రి వదిలేసిన మిక్సీ గిన్నె కడుక్కోవడం, వీటికే సగం సమయం పోతుంది. ఇవన్నీ రాత్రి అన్నాలయ్యాక పావుగంటలో తెమిలిపోయే పనులు. పొద్దుటికి అట్టు పోయడమో, పోపు వేయడమో మాత్రమే మిగలాలి. ఆ పావుగంటలో మీ ఆయన, కొడుకు కూడా చేతులు కలపాలి. ఏడో తరగతి పిల్లాడు పెసర్లు కడిగి నానబోయగలడు, ఎల్లిపాయ పొట్టు తీయగలడు. అమ్మ పని తగ్గించడం వాడికి ఇప్పుడే అలవాటైతే మంచిది.

ఇంకో సంగతి. మీ ఇంట్లో పొద్దున తినేదంతా మైదా, చక్కెర, నూనె. బిస్కెటూ మైదాయే, బోండా కూడా చాలాచోట్ల మైదాయే. అవి ఎంత తిన్నా కడుపులో నిలవవు, రెండు గంటలు తిరక్కుండా మళ్లీ ఆకలేస్తుంది. పప్పుగింజలు, పల్లీలు, గుడ్డు, పాలు, పెరుగు, వీటిలో ఒక్కటైనా పళ్లెంలో ఉంటే మధ్యాహ్నం దాకా ఒంటికి సత్తువ ఉంటుంది. ఇంట్లో ఏది చేసినా ఈ ఒక్కటి చూసుకో. ఇడ్లీనా, ఉప్మానా, రొట్టెనా అన్నది తర్వాతి మాట.

పల్లీలతో మొదలుపెడతాను. మన పక్కనే వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగిలో పల్లికాయ విరగపండుతుంది. ఇంత దగ్గర పండే గింజను మనం చట్నీకి తప్ప వాడుకోవడం లేదు. వంద గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. ఒక పిడికెడు తింటే ఒక కోడిగుడ్డంత బలం. ఆదివారం నాడు అరకిలో పల్లీలు మందపు కడాయిలో సన్నమంట మీద గోలించు. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగానే ఉంటాయి. పొట్టు మీద సన్నగా పగుళ్లు వచ్చి, ఒక గింజను వేళ్లతో నలిపితే పొట్టు ఊడి లోపల లేత గోధుమరంగు కనిపించాలి. అప్పుడు దించేయి. కడాయి వేడికి ఇంకా వేగుతాయి కాబట్టి వెంటనే చాటలో పోసి పరచు. పూర్తిగా చల్లారాక పాతబట్టలో మూటగట్టి నలిపి, పొట్టు చెరిగి, సీసాలో పోసి గట్టిగా మూత పెట్టుకో. గోలించే ముందే నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఏరి పారెయ్యి. అవి చేదుగా ఉంటాయన్న ఒక్క కారణంతో చెప్పడం లేదు. పల్లీల మీద పట్టే బూజులో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంటుంది, అది గోలించినా పూర్తిగా పోదు.

ఈ సీసా ఇంట్లో ఉంటే పొద్దున చట్నీ రెండు నిమిషాల పని. రెండు పిడికెళ్ల పల్లీలు, మూడు పచ్చిమిరపకాయలు, రెండు ఎల్లిపాయ రెబ్బలు, రాత్రే నానేసిన చింతపండు, ఉప్పు వేసి, నీళ్లు పోసి మిక్సీ తిప్పడమే. పోపు పెడితే కమ్మగా ఉంటుంది. పెట్టకపోయినా ఏం కాదు.

ఇక నీలాంటి ఇంటికి నేను అన్నిటికంటే ముందు చెప్పేది పెసరట్టు. ఇడ్లీపిండిలా పులియాల్సిన పని లేదు, పొద్దున రుబ్బి పొద్దునే పోసుకోవచ్చు. పొట్టుతో ఉన్న పెసర్లలో వంద గ్రాములకు 24 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, పొట్టు వల్ల పీచు కూడా వస్తుంది. పొట్టు తీసిన పెసరపప్పుతో వేసే అట్టు మెత్తగా బాగుంటుంది గానీ, రోజువారీకి గుండు పెసర్లే వాడు. ఐదుగురికి పావుకిలో మీద ఇంకో గుప్పెడు పోసి, అందులో ఒక గుప్పెడు బియ్యం కలిపి, రెండుసార్లు కడిగి, పడుకునే ముందు నానబొయ్యి. బియ్యం వేస్తే అట్టు అంచు కరకరలాడుతుంది.

పొద్దున లేవగానే నీళ్లు వంపేసి, అంగుళం అల్లంముక్క, నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బు. మరీ గంధంలా చెయ్యకు, వేళ్ల మధ్య కొంచెం రవ్వ తగలాలి. నీళ్లు ఎక్కువైతే అట్టు పెనానికి అంటుకొని నీ సమయం తినేస్తుంది, అందుకే నీళ్లు గరిటెతో పోసుకో, గ్లాసుతో వద్దు. పెనం వేడెక్కాక నాలుగు నీటిచుక్కలు చల్లితే చుయ్యిమని ఎగిరి ఆరిపోవాలి. ఉల్లిగడ్డ ముక్కతో పెనాన్ని ఒకసారి రుద్ది, పిండి పోసి, గరిటె వెనకతో లోపలినుంచి బయటికి తిప్పు. పైన సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర చల్లి, అంచుల వెంట అరచెంచా నూనె వేసి మూత పెట్టు. పలచగా పోస్తే తిరగెయ్యాల్సిన అవసరం కూడా లేదు. రెండు పెనాలుంటే రెండు పొయ్యిల మీదా పొయ్యి. ఇరవై నిమిషాల్లో ఐదుగురి అట్లు అయిపోతాయి. తినేటప్పుడు ఆ ఉల్లిగడ్డ మీద నిమ్మకాయ పిండితే, పెసర్లలో ఉండే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పొద్దున కరెంటు పోతుందని భయముంటే రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాటికి రుచి ఏమీ మారదు, మూడోరోజుకు మాత్రం ఉంచకు.

ఇప్పుడు సద్దన్నం. మీ అత్తమ్మ చెప్పింది మంచిమాటే చెల్లె. తరతరాలుగా మన నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో పొద్దున పొలం పోయేవాళ్లంతా ఆ సద్ది తినే పోయారు. పిల్లలకు నిర్భయంగా పెట్టొచ్చు. కాకపోతే ఈ మధ్య సద్దన్నం తింటే ఆ రోగం పోతుంది, ఈ రోగం పోతుంది అని ఫోన్లలో తిరిగే మాటలు పట్టించుకోకు. అది మందు కాదు. పొయ్యి వెలిగించకుండా, పైసా ఖర్చు లేకుండా, చలువ చేసే మంచి తిండి. ఆ గుణం చాలు.

ఎట్లా చేయాలన్నదే ముఖ్యం. రాత్రి మిగిలిన అన్నం గిన్నెలో అట్లాగే వదిలేసి, పొద్దున పెరుగు కలిపితే అది సద్దన్నం కాదు, నిలవన్నం. నల్లగొండ ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు చూసే జిల్లా, రాత్రిపూట కూడా వంటిల్లు చల్లబడదు. వండినా చావని ఒకరకం సూక్ష్మజీవి బియ్యంలో ఉంటుంది. అన్నం వేడిగదిలో గంటల తరబడి ఉంటే అది పెరిగి విషం వదులుతుంది. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అందుకని వండిన రెండు గంటల్లోపే తోడువెయ్యి. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు అన్నం మునిగేదాకా పోసి, చెంచా పెరుగు కలిపి మూత పెట్టు. చలికాలమైతే పొయ్యి పక్కన ఉంచితే పొద్దుటికి కమ్మగా తోడుకుంటుంది. ఎండాకాలమైతే ఎనిమిదింటికే తోడువేసి, పడుకునేటప్పుడు ఫ్రిజ్‌లోకి మార్చు. లేకపోతే పులిసిపోయి పిల్లలు ముట్టరు. పొద్దున ఉప్పు, తరిగిన ఉల్లిగడ్డ, కొంచెం కీరా కలిపి, పైన గోలించిన పల్లీలు చల్లి పెట్టు. నీ బిడ్డకు ఉల్లిగడ్డ నచ్చకపోతే దానిమ్మ గింజలు వేసి చూడు. అన్నం జిగురుగా తీగ సాగినా, వాసన తేడాగా ఉన్నా ఎవరు ఏమన్నా పారబొయ్యి.

వేడి తిండే కావాలనే రోజుకు జొన్నరొట్టె ఉంది. పొద్దున రొట్టెలు చేయమని నేను చెప్పను. పిండి వేడినీళ్లతో కలిపి, ఒక్కోటీ కొట్టి కాల్చేసరికి బస్సు వెళ్లిపోతుంది. రాత్రి చేసినప్పుడే నాలుగు రొట్టెలు ఎక్కువ చేసి, చల్లారాక బట్టలో చుట్టి పెట్టు. పొద్దున వాటిని తునకలు చేసి, ఉల్లిగడ్డ, కల్యమాకు, పచ్చిమిరపకాయ పోపులో వేసి, పావుగ్లాసు సల్ల చిలకరించి మూతపెడితే కాసేపట్లో మెత్తబడుతుంది. పిల్లలకైతే మలీద చెయ్యి. సద్దుల బతుకమ్మకు చేసుకునే మలీద ఏడాదికొక్కసారే ఎందుకు తినాలి? రెండు రొట్టెలు చేత్తో నలిపి, తురిమిన బెల్లం, రెండు చెంచాల పల్లీల పొడి, కొంచెం నెయ్యి కలిపి ముద్దలు కట్టు. చేతిలో పట్టుకొని తినే తిండి కాబట్టి లేటైన రోజు స్కూలు బస్సులో కూర్చొని కూడా తినేస్తారు. బిస్కెట్ ప్యాకెట్ పని ఈ ముద్ద చేస్తుంది, అంతకంటే ఎక్కువసేపు కడుపులో ఉంటుంది.

అత్తమ్మ విషయం విడిగా చెప్పాలి. షుగర్ గోలీ వేసుకొని తొమ్మిదిదాకా ఖాళీకడుపుతో ఉండటం మంచిది కాదు. కొన్ని రకాల గోలీలకు, ఇన్సులిన్‌కు, తిండి ఆలస్యమైతే ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టడం, గుండె దడ, కళ్లు మసకబారడం దాని గుర్తులు. ఆమె గోలీకి, తిండికి మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టరును ఒకసారి అడుగు. అప్పటిదాకా పిల్లలు తినేటప్పుడే ఆమెనూ కూర్చోబెట్టు. ఆమెకు జొన్నరొట్టె ఒకటి, రాత్రి మిగిల్చి ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేసిన ఆకుకూర పప్పు, లేదంటే ఒక ఉడికిన గుడ్డు చాలా బాగా సరిపోతుంది. పెసరట్టు కూడా మంచిదే. సద్దన్నం ఆమెకు ఇష్టమే గానీ తెల్లన్నం కదా, గిన్నెడు వద్దు. చిన్న గరిటెడు తిని, దానితోపాటు గుడాలు, అంటే ఉడికించి పోపు వేసిన బొబ్బర్లో శనగలో, తినమను.

చిరుధాన్యమైతే ఎంత తిన్నా షుగర్ పెరగదని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. తైదలు, అదే రాగులు, మెత్తగా పిండిపట్టి జావ కాచి తాగితే తొందరగా అరిగి, రక్తంలో చక్కెర కూడా తొందరగానే పెంచుతుంది. అదే పిండిని రొట్టె చేసి పప్పుతో తింటే నెమ్మదిగా అరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు అంబలి తాగాలనుకుంటే బెల్లం లేకుండా, సల్ల కలిపి, చిన్న గ్లాసే తాగాలి. ఎండాకాలంలో పొలం పనికి పోయే మనిషికి తైద అంబలిని మించింది లేదు. కూర్చొని ఉండే షుగర్ మనిషికి మాత్రం లెక్క వేరు.

మధ్యాహ్నం వంట కూడా అదే సమయంలో కావాలన్నావు కాబట్టి వారంలో రెండు రోజులు గుడాలు పెట్టుకో. బొబ్బర్లో, శనగలో రాత్రి నానబోసి, పొద్దున లేవగానే ఒక పొయ్యి మీద కుక్కర్ ఎక్కించు. నానిన బొబ్బర్లకు మూడు విజిళ్లు చాలు, శనగలకు ఐదారు కావాలి. ఇంకో పొయ్యి మీద అన్నం. కుక్కర్ దిగాక ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, ఎల్లిపాయ, కల్యమాకు పోపు వేసి, సగం గుడాలు పొద్దుటి టిఫిన్‌కు తీసి నిమ్మకాయ పిండు. మిగతా సగంలో టమాట, ఉల్లిగడ్డ, కారం వేసి పది నిమిషాలు ఉడికిస్తే డబ్బాలోకి కూర. పొద్దున ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి వండే బాధ ఉండదు.

ఏమీ నానబొయ్యకుండా నిద్రపోయిన రోజు కూడా వస్తుంది. ఆ రోజు మరమరాలు. గద్వాల, అలంపూర్ వైపు ఇళ్లల్లో ఉగ్గాని అంటే ప్రాణం పెడతారు, అంత తొందరగా అయ్యే టిఫిన్ ఇంకోటి లేదు. మరమరాలు నీళ్లల్లో వేసి, మెత్తబడగానే పిడికిళ్లతో పిండి, ఉల్లిగడ్డ, టమాట, పచ్చిమిరపకాయ, పసుపు పోపులో కలపడమే. దించాక నాలుగు చెంచాల పుట్నాల పొడి, పైన నిమ్మరసం. పొడి వేయకపోతే అది ఉత్త గాలి తిండే, గంటకే ఆకలేస్తుంది. పుట్నాలు శనగలే కాబట్టి ఆ పొడితోనే దానికి బలం వస్తుంది. అటుకులతో చేసినా ఇదే పద్ధతి, పుట్నాల బదులు పల్లీలు గట్టిగా వెయ్యి. పక్కన మిరపకాయ బజ్జీలు మాత్రం పండగరోజుకు దాచుకోండి.

ఇడ్లీ గురించి అడగలేదు గానీ మీ ఆయన కోసం చెప్తున్నాను. బండి మీద తినక తప్పని రోజు బోండా బదులు ఇడ్లీ తినమను. ఆవిరి మీద ఉడికేదాన్ని, మళ్లీ మళ్లీ కాగే నూనెలో దేవేదాన్ని ఒక గాటన కట్టలేం. చట్నీ, కారప్పొడి ఆయన ఇష్టం. ఇంట్లో ఇడ్లీ చేసిన రోజు ఒక చిన్న పని చెయ్యి. గుడ్లు శుభ్రంగా కడిగి, ఇడ్లీ పాత్రలో పై పళ్లెంలోనే పెట్టు. ఇడ్లీలతోపాటే ఆవిరికి పన్నెండు నిమిషాల్లో గట్టిగా ఉడుకుతాయి, వేరే గిన్నె, వేరే గ్యాసు అక్కర్లేదు. మిల్లులో బస్తాలతో ఒళ్లు అలిసే మనిషికి రెండు ఉడికిన గుడ్లు, ఒక చిన్న డబ్బా గుడాలు చేతికిచ్చి పంపు. అవి పొట్టు తీసి డబ్బాలో పెట్టుకునే పని ఆయనదే.

ఓట్స్ పాడేమీ కాదు. మసాలా కలిపిన రకమైతే ఉప్పు ఎక్కువ, అది మళ్లీ కొనకు. ఉత్త ఓట్సే అయితే పొడి చేసి, పెసరట్టు పిండిలో గుప్పెడు కలిపి ఖాళీ చెయ్యి. ప్యాకెట్ నూడుల్స్, రంగురంగుల తీపి కార్న్‌ఫ్లేక్స్ వైపు మాత్రం పోకు.

పిల్లల చాయ్ ఆపాలి చెల్లె, ఇది గట్టిగానే చెప్తున్నాను. చాయ్‌లోని వగరు, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పైగా మనం నల్లగొండ జిల్లావాళ్లం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయినవాళ్లను మన కళ్లతో చూశాం. తేయాకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, పెరిగే పిల్లల ఒంట్లోకి అది అదనంగా ఎందుకు? వంటకు, పప్పులు నానబొయ్యడానికి, జావకు, బోరు నీళ్లు వాడకుండా సర్కారు ఇంటింటికీ ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడు. నానే గింజ ఆ నీళ్లను పీల్చుకుంటుందని మరిచిపోవద్దు. బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని కొందరనుకుంటారు. పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాల్షియం బాగా ఉండే తిండి తింటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. మన జిల్లా పిల్లలకు పాలు, తైదలు, నువ్వులు మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం అంటున్నది అందుకే.

చాయ్ బదులు సత్తు కలిపిన పాలు ఇవ్వు. తైదలు పావుకిలో కడిగి, ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా గోలించు. వంద గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. పుట్నాలు పావుకిలో, గోలించిన పల్లీలు పావుకిలో, దోరగా వేయించిన నువ్వులు వంద గ్రాములు కలుపుకో. ముందు తైదలు విడిగా మెత్తగా పట్టి, తర్వాత పుట్నాలు, నువ్వులు, పల్లీలు కలిపి మిక్సీని ఆపి ఆపి తిప్పు. ఒకేసారి తిప్పితే పల్లీల నూనె ఊరి పొడి ముద్దవుతుంది. దీన్ని తడిలేని డబ్బాలో పోసి పెడితే రెండు వారాలు ఉంటుంది. పొద్దున గ్లాసు పాలల్లో మూడు చెంచాలు కలిపి, రెండు మూడు పొంగులు రానిచ్చి, దించాక కొంచెం బెల్లం వెయ్యి. పొయ్యి మీదున్నప్పుడే బెల్లం వేస్తే ఒక్కోసారి పాలు విరుగుతాయి. పిల్లలు ఒక్కరోజులో మారరు. మొదట చాయ్‌లో పాలు పెంచి డికాషన్ తగ్గిస్తూ రా, పక్కన మలీద ముద్ద పెట్టు. చాయ్ మానిపించే ఇంట్లో పెద్దవాళ్లు వాళ్ల ముందు కూర్చొని చాయ్ తాగితే మాత్రం పని జరగదు.

ఇక నీ సంగతి. పిల్లలకు ఏడింటికి పెడతావు కదా, నీ పళ్లెం కూడా అప్పుడే పెట్టుకొని వాళ్ల పక్కన కూర్చో. కుదరని రోజు పెసరట్టులో చట్నీ రాసి, చుట్ట చుట్టి డబ్బాలో పెట్టుకొని బస్సులో తిను, అందులో సిగ్గుపడేదేమీ లేదు. నీ చాయ్‌ను ఆఫీసుకు వెళ్లాక, తిన్న గంట తర్వాతకు జరుపు. సంచిలో ఒక చిన్న సీసాలో పల్లీలు, బెల్లం ముక్క ఉంచుకో.

ఇవన్నీ చేసినా తల తిరగడం తగ్గుతుందో లేదో చూద్దామని ఆగకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికంటే ఎక్కువమందికి రక్తం తక్కువ. నీకూ అదే అయ్యుండొచ్చు, షుగర్ కూడా అయ్యుండొచ్చు. ఈ వారమే ఒకపూట సెలవు పెట్టి, మీ దగ్గరి సర్కారు దవాఖానలో హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించుకో. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే తిండి ఒక్కదానితో తొందరగా పెరగదు, డాక్టరు ఐరన్ గోలీలు రాస్తారు. వాటిని చాయ్‌తోనో పాలతోనో వేసుకోకు, నీళ్లతో వేసుకొని నిమ్మరసం తాగు. కడుపులో తిప్పినట్టయితే గోలీ మానేయకుండా, రాత్రి తిన్నాక వేసుకోవచ్చా అని డాక్టరును అడుగు. ఆ రిపోర్టు రాగానే నాకు మళ్లీ రాయి.